మొదటి ట్యాంకు పొర్లుతోంది, చివరిదానికి నీళ్లు అందడం లేదు

ఇంటి నీళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరైన మా శీర్షికా నిర్వాహకుడు ఈసారి ట్యాంకులను కలిపే పైపుల గురించి వచ్చిన ఉత్తరాలకు జవాబులిచ్చారు.)

ప్రశ్న: నంద్యాలలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. మేడ మీద 2000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు నాలుగు వరసగా పెట్టించాం. బోరు నీళ్లు మొదటి ట్యాంకులో పడతాయి. బాత్‌రూములకు నాలుగో ట్యాంకు నుంచి పైపు దిగుతుంది. నాలుగింటినీ అడుగున ఇంచు పైపుతో కలిపారు. మోటారు వేసిన ఇరవై నిమిషాలకల్లా మొదటి ట్యాంకు పొర్లిపోతుంది. అప్పటికి నాలుగోదానిలో జానెడు నీళ్లు కూడా ఉండవు. పొద్దున్నే పిల్లలు స్నానాలకు వెళ్లే వేళ కుళాయిలు ఆగిపోతాయి, పైకెళ్లి చూస్తే మొదటి ట్యాంకులో సగం నీళ్లు అలాగే ఉంటాయి. ప్లంబరేమో "మోటారు పైపే ఇంచుంబావు, ట్యాంకుల మధ్య ఇంచు చాలదా మేడమ్" అంటున్నాడు. మోటారు నీళ్లను 200 లీటర్ల డ్రమ్ములో పట్టి చూశాను, 80 సెకన్లలో నిండింది. ట్యాంకుల మధ్య ఏ సైజు పైపు వేయించాలి?
- ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అమ్మా, డ్రమ్ము పెట్టి కొలిచి మరీ రాశారు, చాలా సంతోషం. ఆ ఒక్క కొలతతో సగం పని తేలికైంది. 80 సెకన్లకు 200 లీటర్లంటే గంటకు 9000 లీటర్లు.

మీ ప్లంబర్ మాట పైకి సబబుగానే ఉంటుంది కానీ, మోటారు పైపుకీ ట్యాంకుల మధ్య పైపుకీ ఒకే లెక్క పనికిరాదు. మోటారు నీళ్లను బలంగా తోస్తుంది. బోరు లోతు నుంచి మేడ మీదికి ఎక్కించే బలం దానికుంది కాబట్టి ఇంచుంబావు పైపులోంచి కూడా 9000 లీటర్లు పంపగలదు. ట్యాంకుల మధ్య అలా తోసేది ఏదీ లేదు. ఈ ట్యాంకులో నీటి మట్టం ఎంత పైన ఉంది, పక్క ట్యాంకులో ఎంత కింద ఉంది, ఆ తేడా ఒక్కటే నీళ్లను కదిలిస్తుంది. రెండు మట్టాలూ ఒకటయ్యాయా, నీళ్లు ఆగిపోతాయి. మేస్త్రీలు గోడ లెవెల్ చూసుకునే ట్యూబులో జరిగేది కూడా ఇదే. మీ నాలుగు ట్యాంకులూ కలిసి పెద్ద లెవెల్ ట్యూబు లాంటివి.

నీరు పల్లమెరుగు అని అందరికీ తెలుసు. ఎంత పల్లానికి ఎంత నీరు పారుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. మట్టం తేడా రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు. ప్రవాహం రెట్టింపు కావాలంటే తేడా నాలుగు రెట్లు కావాలి. అందుకే సన్నపైపు వేసి, "నీళ్లు ఎక్కువైతే అదే తోసుకుంటుందిలే" అనుకుంటే కుదరదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండు ట్యాంకుల మధ్య ఒకటిన్నర మీటరు పైపు, రెండు ఎల్బోలు, ఒక వాల్వు ఉన్నాయనుకుందాం. మేడల మీద సాధారణంగా ఇలాగే ఉంటుంది. మట్టాల తేడా 30 సెంటీమీటర్లు ఉన్నప్పుడు ఇంచు పైపు గంటకు సుమారు 2100 లీటర్లు పంపుతుంది. ఇంచున్నర పైపు 5500, రెండించులది 9300, రెండున్నర ఇంచులది 13,400, మూడించులది 21,000 లీటర్లు పంపుతాయి. ఇంచు నుంచి రెండించులకు వెళ్తే ప్రవాహం నాలుగు రెట్లు దాటింది, గమనించారా? అందుకే "రెండించులది దొరకలేదండీ, ఇంచు పైపులు రెండు వేస్తాను" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నాలుగు వేసినా ఒక్క రెండించుల పైపుకు సాటి రావు.

నాలుగు ట్యాంకులూ సమంగా నిండాలంటే మొదటి ట్యాంకు తన వంతు నాలుగో భాగం ఉంచుకుని మిగతాదంతా ముందుకు పంపాలి. అంటే ఒకటికీ రెండుకీ మధ్య గంటకు 6750 లీటర్లు, రెండుకీ మూడుకీ మధ్య 4500, మూడుకీ నాలుగుకీ మధ్య 2250 వెళ్లాలి. మీ ఇంచు పైపు, మట్టాల తేడా ఏకంగా మీటరు ఉన్నా 3800 లీటర్ల కన్నా పంపలేదు. మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతాయి? మొదటి ట్యాంకులోనే పేరుకుంటాయి, అది ఇరవై నిమిషాల లోపే నిండి పొర్లుతుంది. పొద్దున కుళాయిలు ఆగిపోవడానికీ ఇదే కారణం. పిల్లలందరూ ఒకేసారి వాడుకుంటుంటే నాలుగో ట్యాంకు నుంచి నీళ్లు పోయినంత వేగంగా వెనక ట్యాంకుల నుంచి రావడం లేదు. నీళ్లుండీ అందడం లేదు. బోరుదో మోటారుదో తప్పనుకుని వాటి మీద డబ్బు ఖర్చు పెట్టకండి.

రెండించుల పైపు వేయిస్తే మొదటి రెండు ట్యాంకుల మట్టాల మధ్య 16 సెంటీమీటర్లు, తర్వాతి జంటకు 7, చివరి జంటకు 2 తేడా వస్తుంది. మొదటికీ చివరికీ కలిపి 25 సెంటీమీటర్లు. మోటారు ఆపిన కాసేపటికి అదీ సర్దుకుంటుంది. ఇంచున్నర వేయిస్తే ఇదే తేడా 70 సెంటీమీటర్లు. అంటే మొదటిది మెడదాకా నిండి పొర్లే సమయానికి నాలుగోది దాదాపు సగం ఖాళీగా ఉంటుంది.

దీన్ని తగ్గించే చవకైన దారి ఒకటుంది, చాలామంది ఆలోచించరు. మోటారు పైపును మొదటి ట్యాంకులోంచి తీసి రెండో ట్యాంకులో పడేట్టు మార్చండి. అప్పుడు నీళ్లు రెండు వైపులకూ చీలిపోతాయి. ఏ పైపులోనూ 4500 లీటర్లు మించి వెళ్లాల్సిన పని ఉండదు. రెండించుల పైపుతో అయితే అన్నిటికన్నా ఎక్కువ తేడా 9 సెంటీమీటర్లే. ఇంచున్నరతో కూడా 25 సెంటీమీటర్లకు దిగుతుంది, అంటే రెండించుల పైపు వేసి మొదటి ట్యాంకులో నింపినదాంతో సమానం. పీవీసీ పైపు రెండు మూడు మీటర్లు, ఒకటో రెండో ఎల్బోలు, అరపూట పని.

అలా మార్చినప్పుడు ఇంకోటి కూడా చేయించాలి. వాడకం పైపు ఇప్పుడు నాలుగో ట్యాంకు నుంచి మాత్రమే దిగుతోంది. నీళ్లు రెండోదానిలో పడితే మొదటి ట్యాంకు ఓ మూలన ఉండిపోతుంది, అందులో నీరు సరిగ్గా మారదు. నీళ్లలో వేసిన క్లోరిన్ అలా నిలవ ఉంటే అయిపోతుంది. తాగేనీటి కోసం మన ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటుంది. పిల్లలు పళ్లు తోముకునేది, పుక్కిలించేది ఆ నీళ్లతోనే. అందుకని మొదటిదాని నుంచి కూడా ఒక పైపు దింపి వాడకం పైపులో కలిపించండి. రెండు చివర్ల నుంచీ నీళ్లు లాగుతుంటే అన్ని ట్యాంకుల్లోనూ నీరు కదులుతుంది. ఇది కుదరదనుకుంటే మోటారు పైపును కదిలించకండి, మొదట్లో నింపి చివర్లో తీసుకునే ఇప్పటి పద్ధతినే ఉంచి రెండించుల పైపు వేయించండి. ఎటు చేసినా నా ఓటు రెండించులకే. మీ వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కొన్నేళ్ల తర్వాత ఇంచు పైపును అడ్డంగా కోస్తే లోపల తెల్లగా, గరుకుగా పొర కట్టి ఉంటుంది, కన్ను, అంటే లోపలి రంధ్రం, సన్నబడి ఉంటుంది. ఇంచులో ఆ పొర మందం చాలా తేడా చేస్తుంది, రెండించుల పైపు తట్టుకుంటుంది.

పైపు కొనేటప్పుడు ట్యాంక్ నిపుల్‌ను (ట్యాంకు గోడకు బిగించి పైపును కలిపే ముక్కను) కూడా చేతిలోకి తీసుకుని కన్ను చూడండి. పెద్ద పైపు వేసి, ట్యాంకుకున్న పాత ఇంచు నిపుల్‌నే వదిలేసి, రెడ్యూసర్ (పెద్ద పైపును చిన్నదానికి కలిపే ముక్క) పెట్టి కలిపేసే పని చాలా చోట్ల చూశాను. అప్పుడు రెండించుల పైపు ఖర్చంతా దండగ. నిపుల్, వాల్వు, పైపు మూడూ ఒకే సైజు ఉండాలి. బాల్ వాల్వు అయితే తెరిచి లోపలికి చూస్తే రంధ్రం పైపంత వెడల్పుగా కనబడాలి. చవకవాటిలో బంతి రంధ్రం చిన్నగా ఉంటుంది. ప్రతి ట్యాంకుకూ విడిగా వాల్వు ఉంటే, ఒకటి కడిగేటప్పుడు మిగతావి ఖాళీ చేయనక్కర్లేదు.

ప్లాస్టిక్ ట్యాంకు నిండినప్పుడు పొట్ట కాస్త ఉబ్బుతుంది, ఖాళీ అయితే లోపలికి వస్తుంది. రెండు ట్యాంకుల మధ్య పైపు కర్రలా బిగుసుకుని ఉంటే ఆ కదలికంతా నిపుల్ మీద పడి, అక్కడే కారడం మొదలవుతుంది. మధ్యలో ఒక యూనియన్ (విప్పి బిగించుకునే జాయింటు) పెట్టి, నిపుల్ దగ్గర బెత్తెడు గట్టి రబ్బరు హోస్, రెండు వైపులా క్లిప్పులతో బిగిస్తే ఆ ఇబ్బంది ఉండదు. నిపుల్ ట్యాంకు అడుగుకు మూడు నాలుగు వేళ్లు ఎత్తులో ఉండాలి, లేకపోతే అడుగున చేరిన ఒండ్రు పక్క ట్యాంకులోకి పోతుంది.

ఇక ఆటోమేటిక్ స్టార్టర్ ఉంటే, మోటారు ఆపే సెన్సరు నీళ్లు పడే ట్యాంకులో ఉండాలి, అన్నిటికన్నా ముందు నిండేది అదే కాబట్టి. మోటారు వేసే సెన్సరు వాడకం పైపు ఉన్న ట్యాంకులో ఉండాలి, ముందు ఖాళీ అయ్యేది అదే. రెండూ ఒకే ట్యాంకులో పెట్టించకండి. ఓవర్‌ఫ్లో పైపు మాత్రం ఏ పరిస్థితిలోనూ మోటారు పైపు కన్నా సన్నగా ఉండకూడదు. మీకు రెండించులది పెట్టించండి, అది కూడా నీళ్లు పడే ట్యాంకుకే.

ప్రశ్న: మా ఇంటి మేడ మీద పాత 1000 లీటర్ల ట్యాంకు ఉంది. పక్కనే 500 లీటర్లది కొత్తగా పెట్టి, రెండింటినీ ఇంచున్నర పైపుతో కలిపించాం. కొత్తదాని మూత కింద నుంచి నీళ్లు కారిపోతున్నాయి. పాతది ముప్పాతిక కూడా నిండదు. పైపు ఇంకా పెద్దది వేయాలా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ పైపు సరిగ్గానే ఉంది, దాన్ని కదిలించకండి. రెండు ట్యాంకులూ ఒకే స్లాబ్ మీద పక్కపక్కన పెట్టారు, చిన్నదాని ఎత్తు తక్కువ. కలిపిన ట్యాంకుల్లో నీటి మట్టం ఒకటే ఉంటుంది కాబట్టి, పొట్టిదాని మూత దగ్గరకు నీళ్లు వచ్చేసరికి పొడవుదానిలో ఇంకా జాగా మిగిలే ఉంటుంది. ఎంత లావు పైపు వేసినా ఇది మారదు.

చిన్న ట్యాంకును ఎత్తండి. రెండింటి ఓవర్‌ఫ్లో రంధ్రాలూ ఒకే మట్టానికి వచ్చేదాకా ఇటుకలతో దిమ్మె కట్టించండి. దిమ్మె పైభాగం ప్లాస్టరు చేసి నున్నగా, ట్యాంకు అడుగంతా ఆనేట్టు ఉండాలి. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి నిలబెడితే అడుగు పగులుతుంది. నిండితే ఆ ట్యాంకు అరటన్ను బరువు. దిమ్మె బీము మీదికో గోడ మీదికో వచ్చేట్టు చూసుకోండి.

ఎత్తిన తర్వాత వాడకం పైపు తప్పకుండా పెద్ద ట్యాంకు నుంచే దిగాలి. దాని అడుగు కిందుగా ఉంది కనుక చిన్నదానిలోని నీళ్లు పూర్తిగా దానిలోకి దిగిపోతాయి. చిన్నదాని నుంచి తీస్తే మాత్రం, దిమ్మె ఎత్తు మేరకు పెద్దదాని అడుగునున్న నీళ్లు ఎప్పటికీ వాడకానికి రావు. రెండింటి మధ్య పైపు ఒకే వాలుగా దిగాలి. మధ్యలో ఎక్కడా మిట్టలా లేవకూడదు, లేస్తే అక్కడ గాలి చేరి నీళ్లను అడ్డుకుంటుంది.

ప్రశ్న: మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊరు. దాదాపు 250 మందిమి ఉంటాం. గెడ్డ (కొండవాగు) మొదట్లో ఊట ఉంది. అక్కడ తొట్టి కట్టి, ఊళ్లో ఉన్న 10,000 లీటర్ల ట్యాంకుకి కరెంటు లేకుండా నీళ్లు తెచ్చుకోవాలని కుర్రాళ్లమంతా అనుకుంటున్నాం. పైపు దారి 800 మీటర్లు. మేస్త్రీ ట్యూబుతో కొలిస్తే ఊట కన్నా ట్యాంకు 20 మీటర్లు కిందుగా ఉంది. సగం దూరంలో ఒక మిట్ట ఎక్కాలి, అది ఊటకి 6 మీటర్లే కింద. 20 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండుతోంది. 32 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు చాలా, ఇంకా పెద్దది కావాలా?
- ఒక యువకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: తమ్ముడూ, మిట్ట ఎత్తు కూడా కొలిచి పంపావు, ఈ లెక్కలో అసలు కీలకం అదే. చాలామంది ఊటా ట్యాంకూ చూసుకుని మధ్యలో మిట్టను వదిలేస్తారు.

ముందు నీళ్ల సంగతి. 40 సెకన్లకు 20 లీటర్లంటే గంటకు 1800. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. 250 మందికి అది 13,750 లీటర్లు, అంటే ఊట ఎనిమిది గంటల్లో ఇవ్వగలిగినంత. రాత్రిపూట వదిలితే ఆరు గంటల సేపటికల్లా ట్యాంకు నిండుతుంది. అయితే ఈ కొలత ఏ నెలలో తీశావో రాయలేదు. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ అదే బకెట్ పెట్టి చూడు. గంటకు 600 లీటర్లకు పడిపోయినా రోజంతా పారితే మీ ఊరికి సరిపోతుంది, అంతకన్నా తగ్గితే మాత్రం ఇంకో ఊటను కూడా కలపాలి.

ఇక పైపు. 32 మిల్లీమీటర్లన్నది పైపు బయటి కొలత, లోపల 28 వరకే ఉంటుంది. ఊట ఇచ్చే నీళ్లన్నీ దానిలో పంపితే 800 మీటర్లకు పైపు గోడల రాపిడిని దాటడానికే సుమారు 25 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. మీకున్నది 20. అయినా కాస్త తగ్గి గంటకు 1500 పైచిలుకు వస్తుంది, పర్వాలేదు కదా అనిపించవచ్చు. మిట్ట దగ్గర చూడు. అక్కడికి వచ్చేసరికి ఆ తగ్గిన ప్రవాహంతో కూడా 10 మీటర్లు రాపిడికి పోయాయి, మిట్టకి మీ దగ్గరున్నది 6 మీటర్లే. పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా తగ్గిపోతుంది. జాయింట్లు బయటి నుంచి గాలిని పీలుస్తాయి, నీటిలో కరిగిన గాలి కూడా అక్కడే విడిపోయి చేరుతుంది. వారానికోసారి నీళ్లు ఆగిపోతాయి, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

40 మిల్లీమీటర్లది వెయ్యండి. దానిలో మొత్తం దారికి ఎనిమిది మీటర్ల పైన పోతుంది, మిట్ట దాకా నాలుగు. ఆరు మీటర్లుంది కాబట్టి గట్టెక్కుతారు. కానీ ఇక్కడ జాగ్రత్త. వాల్వు పూర్తిగా తెరిస్తే ఈ పైపు ఊట ఇచ్చేదాని కన్నా ఎక్కువ, గంటకు 2800 లీటర్ల దాకా లాగగలదు. అలా వదిలేస్తే తొట్టి ఖాళీ అయి పైపు గాలి మింగుతుంది. కనుక ట్యాంకు దగ్గర, పైపు చివర్లో, ఒక గేట్ వాల్వు పెట్టి, తొట్టిలో నీళ్లు ఎప్పుడూ పైపు నోటికి పైన ఉండేదాకా కొంచెం కొంచెంగా బిగించండి. ఊట దగ్గర బిగించకూడదు. అక్కడ బిగిస్తే పైపు ఖాళీగా, గాలితో ఉంటుంది. కింద బిగిస్తే దారంతా నీళ్లతో నిండి, మిట్ట దగ్గర కూడా ఒత్తిడి ఉంటుంది. ఊట తగ్గే వేసవిలో ఇంకాస్త బిగించాలి, వానలు పడ్డాక వదలాలి. ఈ పని ఒకరికి అప్పగించండి, ఊళ్లో ఎవరు పడితే వాళ్లు తిప్పకూడదు.

మిట్ట మీద గాలి పోయే వాల్వు ఒకటి, మిట్టకు ముందున్న పల్లంలో మట్టి కడిగేసే వాల్వు ఒకటి తప్పనిసరి. ఊళ్లో ట్యాంకుకి బాల్‌కాక్ పెడితే నిండగానే మూసుకుంటుంది, అప్పుడు పైపు అడుగున 20 మీటర్ల ఒత్తిడి, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు పడుతుంది. 6 కిలోల తరగతి పైపు తీసుకుంటే నిశ్చింత. మిగిలిన నీళ్లు తొట్టి ఓవర్‌ఫ్లో నుంచి మళ్లీ గెడ్డలోకే పోయేట్టు వదలండి, కింద ఊళ్లవాళ్లు కూడా ఆ గెడ్డ మీదే బతుకుతున్నారు. తొట్టికి మూత ఉండాలి, పశువులు రాకుండా చుట్టూ కంచె ఉండాలి.

పైపును రెండున్నర అడుగుల లోతున పూడ్చండి. పోడు కొండల మీదుగా వెళ్లే చోట ఇది మరీ ముఖ్యం. పైన తేలి ఉన్న హెచ్‌డీపీఈ పైపు పోడు మంటకు కరిగిపోతుంది. బండరాయి అడ్డొచ్చి తవ్వలేని చోట ఆ కాస్త ముక్కకూ ఇనుప పైపు వేసి, రెండు వైపులా సిమెంటుతో కదలకుండా బిగించండి.